ఈయన తాలూకు ఎవరు?

ఫిల్మ్ నగర్‌లో నేను నర్సుగా చేసిన ఆసుపత్రిలో ప్రతి మంచం పక్కనా ఇంటివాళ్లెవరో ఒకరు ఉండేవారు. తినిపించడం, ఒళ్లు తుడవడం వాళ్ల పని. ఇంజెక్షన్లూ చార్టులూ మా పని. "అటెండెంట్లు బయటికెళ్లండి" అని అరవడంతోనే నా సగం డ్యూటీ గడిచేది.

ఐర్లండ్‌లో ఉద్యోగంలో చేరిన మొదటిరోజు పొద్దున, చేతులు వణికే ఒక పెద్దాయన ముందు ఓట్స్ జావ గిన్నె పెట్టి, అలవాటుగా పక్కకి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. కొత్తగా వచ్చిన నాకు తోడుగా వారంపాటు ఉండమని ఆసుపత్రివాళ్లు పెట్టిన సీనియర్ నర్సు మోరా పక్కనే ఉంది.

"ఈయన తాలూకు వాళ్లు టీకి వెళ్లారా?" అని అడిగాను.

మోరా నవ్వలేదు. చెంచా తీసి నా చేతిలో పెట్టింది.

"ఈయన తాలూకు నువ్వే" అంది.

నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్లు చదివి, పరీక్షలన్నీ రాసి, ఇంత దూరం వచ్చింది జావ తాగించడానికా? ఆయన మాత్రం నోరు తెరిచి, నాకేసి చూస్తూ ఓపిగ్గా ఎదురుచూశాడు. గిన్నె ఖాళీ కావడానికి అరగంట పట్టింది. అంతసేపూ మోరా మంచానికి అటువైపు నిలబడే ఉంది.

సాయంత్రం గదికి వచ్చి ఫిల్మ్ నగర్‌లో ఉండే అక్కకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"గాడ పేషెంట్లతోని ఎవ్వరుండరా?" అని ఆశ్చర్యపోయింది. "మరి నీ పానం మంచిగ లేకుంటే ఎవరుంటరే?" అంది.

మాట సరిగ్గా వినిపించడం లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.