దర్వాజ వైపు జానెడు

పెళ్లయి నేను యాకుత్‌పురాకు వచ్చేనాటికే మా అత్తకు మతి తప్పుతోంది. కొట్టంలో బర్రెల్ని ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టేది గానీ, కన్నకొడుకును గుర్తుపట్టేది కాదు. పొద్దు వాలిందంటే చాలు, దర్వాజ దగ్గర నిలబడి "పిల్ల ఇంకా రాలే" అనేది. ఆ పిల్ల బతికుంటే నాకు పెద్ద ఆడపడుచు. ముప్పై ఏళ్ల కిందట, వీళ్లు నది ఒడ్డున కాపురమున్నప్పుడు, ఆరేళ్ల వయసులో మూసీ వరదలో కొట్టుకుపోయింది.

రెండుసార్లు మా అత్త ఆ పిల్లను వెతుక్కుంటూ వీధులు దాటి వెళ్లిపోయింది. దాంతో మా ఆయన తాళంకప్ప కొనుక్కొచ్చాడు.

"అర్రల వెట్టి తాళమేస్త. ఎన్నిసార్లని దేవులాడాలె?"

నాకు ఒళ్లు మండింది. "బర్రెలనన్న పొద్దుగాల ఇడుస్తవు గద, అమ్మను కట్టేస్తవా?" అన్నాను. కొత్త కోడలి నోటికి ఆయన బిత్తరపోయి, వారం రోజులు ఆగుతానన్నాడు.

ఆ వారంలో నేను కనిపెట్టిన గొప్ప ఉపాయమేమీ లేదు. వాకిట్లో ఆకుకూరల మడికి ఎరువు కలిపి చదును చేస్తుంటే, ఆమె వచ్చి పక్కన కూర్చుని తడిమట్టిలో వేలితో చుక్కలు పెట్టింది. చుక్కల చుట్టూ మెలికలు తిప్పుతూ, ఒక్క చుక్క తప్పకుండా పెద్ద ముగ్గు గీసింది. నేను నోరెళ్లబెట్టాను. పిండికి బదులు గుప్పెడు మెంతులిస్తే, గీతల వెంట వేళ్ల సందుల్లోంచి సన్నగా జార్చింది. పైన మట్టి చల్లి నీళ్లు చిలకరించాను. నాలుగోనాటికి ముగ్గు పచ్చగా లేచింది.

ఆ తర్వాత కూర కోసినప్పుడల్లా కొత్త ముగ్గు వేస్తూ, ఆమె సాయంత్రాలన్నీ ఆ మడి దగ్గరే. తాళంకప్ప గూట్లో తుప్పు పట్టింది. నాకు భలే గర్వంగా ఉండేది.

ఒక్కోసారి నన్నే ఆ పిల్ల అనుకుని "వచ్చినవా బిడ్డా" అనేది. "వచ్చిన అమ్మా" అనేదాన్ని. అలా అన్నప్పుడల్లా నా వెనక ఎవరో చిన్నపిల్ల తడిబట్టలతో నిలబడ్డట్టు మెడ మీద చల్లగా తగిలేది. తిరిగి చూడాలంటే భయం.

ఒక్కటే నా కంటికి నచ్చలేదు. ప్రతి ముగ్గుకూ బయటి గీతను దర్వాజ వైపు జానెడు వదిలేసేది. గీత కలవని ముగ్గు ఇంటికి మంచిది కాదని మా అమ్మ నాకు వేళ్ల మీద కొట్టి నేర్పింది. మరిచిపోయింది పాపం అనుకుని, ఒకనాడు ఆమె చాయ్ తాగుతుండగా చిటికెడు మెంతులతో నేనే కలిపేశాను.

మొలకలొచ్చిన సాయంత్రం ఆమె ఆ చోటును చేత్తో తడిమింది.

"గిది ఎవరు బంద్ చేసిండ్రు? పిల్ల లోపటికి ఎట్లొస్తది?"

"వచ్చిన గదమ్మా, గిదో" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది.

"నువ్వు నా కోడలివి" అంది.

మర్నాడు సాయంత్రం నేను పాలు పితికి వచ్చేసరికి ఆమె లేదు. చీకటి పడే వేళకు మూసీ ఒడ్డున దొరికింది. కొంగులో మూట కట్టుకున్న మెంతులతో, నీళ్ల అంచు నుంచి ఇసుక మీద ఒక గీత పోసుకుంటూ వస్తోంది.

"పిల్ల ఇంటికి రానీకి తొవ్వ ఏస్తున్న" అంది.

మా ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు. ఇంటికి తెచ్చి గూట్లోని తాళంకప్ప తీసి ఆమె గదికి వేశాడు. ఈసారి నేను నోరెత్తలేదు. పగలు మడి దగ్గర కూర్చోబెట్టినా ఆమె మళ్లీ మట్టి ముట్టలేదు. వానలు రాకముందే కన్నుమూసింది. ఆ గీత కలిపింది నేనేనని ఎవరికీ చెప్పలేకపోయాను.

ఇప్పుడు నేనూ మెంతులతో ముగ్గు పోస్తాను, దర్వాజ వైపు జానెడు వదిలి. "అత్తమ్మా, గీత కలపలే" అని నా కోడలు అంటే, "మరిచిపోయిన" అంటాను. ఆమె నా వైపు జాలిగా చూస్తుంది. మొన్న నేను చాయ్ తాగి వచ్చేసరికి, ఆ జానెడూ తన చేత్తో కలిపేసింది.