భూషణం చేయని బేరం

వానలు పడకముందే, తెలుగు సరిహద్దుకు అవతలి భోపాల్‌పట్నం, మద్దేడ్ చుట్టుపక్కల ఎద్దులు కొనాలనుకున్న రైతులంతా బేరం చేసిపెట్టమని భూషణానికి కబురు పెట్టేవారు. ఏ సంతకు పోయినా దొర్లీ భాషలో పలకరించి, హల్బీలో బేరమాడి, తగువొస్తే హిందీలో తీర్చేవాడు. బీజాపూర్ దాటి పైసంతలకు పోయినప్పుడు, తన రైతుతో గుట్టుగా అనాల్సిన మాట మాత్రం అమ్మేవాడి ముందే తెలుగులో అనేసేవాడు. అక్కడ అర్థమయ్యేదెవరికి? ఆ అలవాటు అతనికి ఏనాడూ చెరుపు చేయలేదు.

కూతురు సంతోషకుమారి చాలా ఏళ్లుగా ఒక సేఠ్ జీపు నడుపుతోంది. బీజాపూర్‌కు పోయే టీచర్లు, ఆస్పత్రి మనుషులు ఆమె బండికోసమే కాచుకుంటారు. ఈ ఏడు సొంతానికి ఏడు సీట్ల వ్యాను కొంటానంది. కూడబెట్టింది ఆరు లక్షల అరవై వేలు. కిస్తులు వద్దంది. కిస్తులు తీరేదాకా అదీ పరాయి బండేనని ఆమె పట్టుదల. చేతిలో ఉన్నదానికి బేరం తెగకపోతే మళ్లీ సేఠ్ జీపే గతి.

తండ్రిని వెంటబెట్టుకుని జగదల్‌పూర్ షోరూంకు వచ్చింది. సేల్స్ కుర్రాడు దుర్గేశ్ ఆరు తొంభై అయిదు చెప్పాడు. భూషణం చేతులు వెనక్కి కట్టుకుని, కావలసిన వ్యానును వదిలేసి పక్క కారు చుట్టూ తిరిగాడు. ఎక్కి కూర్చోమంటే కూర్చోలేదు. ధర తెగకముందు ఎక్కితే మనసు అక్కడే ఉండిపోతుందన్నాడు. దుర్గేశ్ నవ్వి, మెల్లగా ఆరు ఎనభైకి దిగాడు. అక్కడ ఆగిపోయాడు.

భూషణం కూతురివైపు తిరిగి, మామూలు గొంతుతోనే తెలుగులో అన్నాడు.

"బిడ్డా, మనకాడ ఆరు అరవై ఉన్నయని నోట్లకెల్లి రానియ్యకు. ఆరు ముప్పై అను. ఆఖరికి అరవైకి తెగుతది. ఈ పోరడు మెత్తటోడే."

"పోరడు మెత్తనోడే గానీ, మేనేజరు మెత్తనోడు కాడండీ."

అద్దాల గది గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నది మేనేజరు చక్రధరరావు. వాళ్ల నాన్న విజయనగరం నుంచి కిరండూల్ లైనుకు రైల్వే పనిమీద వచ్చిన మనిషి. "అరవై ఉన్నాయి కదేటి? అవి కట్టేయండి. మిగతా ఇరవైకి కిస్తులు పెట్టేస్తాం."

భూషణం ఇంతకాలం కాపాడుకొచ్చిన గుట్టును, అదీ సొంత బిడ్డ బేరంలో, చేజేతులా బజారులో పెట్టాడు. తల వంచుకున్నాడు.

సంతోషకుమారి మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది.

"సార్, మీరు విన్నరు, మంచిదే అయింది. మా బాపు ఆ మాట మీతోని అంటే, బేరానికి అబద్ధమాడిండు అనుకుందురు. ఆయన నాతోని అన్నడు. బిడ్డతోని ఎందుకు అబద్ధమాడుతడు?"

"అంటే?"

"అంటే, అరవై మీద ఒక్క రూపాయి లేదని నేను చెప్పకముందే మీకు ఎరుక. కిస్తులకు నేను సంతకం పెట్ట. ఇస్తే ఇయ్యుండ్రి. లేకుంటే మధ్యాహ్నం బస్సుకు పోతం."

చక్రధరరావు గుమ్మం వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు. "కస్టమరు చెప్పిన బడ్జెట్టు నేనెప్పుడూ నమ్మలేదమ్మా. దీన్ని నమ్మకుండా ఎలాగ?" అని దుర్గేశ్‌ను పిలిచాడు. సీటు కవర్లు, పైపై అలంకరణ సామాను తీసేయమని, ఆరు అరవైకి బిల్లు వేయమని చెప్పాడు.

భూషణం తల ఎత్తాడు. ఆఖరి అంకె దాచడమే బేరమని అతను జీవితమంతా నమ్మాడు. దాన్ని బల్లమీద పరిచి గెలవొచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ కూతురికి చెప్పలేదు. ఇది పూర్తిగా ఆమె సొంత విద్య. పై సంతల్లో ఎవరు ఈ బేరం సంగతి అడిగినా అదే చెప్పాలనుకున్నాడు.

"మరి కాళ్లకింది మ్యాట్లు?" అన్నాడు నోరాగక.

"బాపూ," అంది సంతోషకుమారి.

"పోనీలెండి, అవి నా కొసరు," అని నవ్వాడు మేనేజరు.

దుర్గేశ్ కాగితాలు తెచ్చి పేరు, ఊరు రాసుకున్నాడు. పని అన్న గడి దగ్గర పెన్ను ఆపి, డ్రైవర్ అని రాయనా అని అడిగాడు.

"మాలకిన్ అని రాయి, బండి తనదే," అన్నాడు భూషణం.

"అలాంటి గడి లేదు, అంకుల్‌జీ."

"లేకుంటే గీసుకో," అన్నాడు భూషణం.