ఇందూకు మడి వంట

1988లో నేను ఆదోనిలో పిల్లల డాక్టరును. రోజూ చూసేది విరేచనాలు, గజ్జి, పిల్లల వెంట వచ్చే పెద్దల సలహాలు. అటువంటి చోటికి నాలుగేళ్ల ఇందూ వచ్చింది. దూరాన ఓ పెద్దాసుపత్రిలో బోన్ మారో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకొని ఇల్లు చేరిన పిల్ల. అంటే, జబ్బుపడిన ఎముక మజ్జను మందులతో తుడిచేసి, వాళ్లక్క మజ్జను ఎక్కించినారు. ఆ మందులు మజ్జతో ఊరుకోవు. నోటి నుంచి పేగుల చివరిదాకా లోపలి పొరను ఒలిచేస్తాయి. క్రిములను తట్టుకునే శక్తీ ఉండదు, కాబట్టి ఒళ్లు కుదుటపడేదాకా అప్పుడే వండింది, కాచింది మాత్రమే పెట్టాలి. పచ్చిది, నిలవది, పదిమంది చేతులు పడింది కూడదు.

ఇదంతా తల్లి శారదకు తెలుసు. ఇల్లే వినలేదు. ఎమ్మిగనూరు నుంచి చూడవచ్చిన చుట్టాలు ద్రాక్షపండ్లు పైపంచెతో తుడిచి, ప్రేమగా పిల్ల నోట్లో పెట్టి పోయినారు. విరేచనాలు పట్టుకున్నాయి, బరువు తగ్గింది. ఇంకా తగ్గితే తిరిగి తీసుకురమ్మన్నారు అక్కడి డాక్టర్లు. ఆ రైలు ప్రయాణాన్ని పిల్ల తట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు.

ఇంటికి పోయి చూసినాను. వంటింటి గడప దాటబోతుంటే ఇందూ నాయనమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఆడనే ఉండు డాక్టరప్పా, మడిలో ఉన్నా."

స్నానం చేసి, విడిగా ఆరేసిన బట్ట కట్టి, ఎవరినీ తాకకుండా దేవునికి వండుతోంది. నిన్నటిది పనికిరాదు, కోడలైనా ముట్టకూడదు. కాలేజీలో నేను చదువుకున్న ఐసొలేషన్ కిచెన్, క్రిములు చేరకుండా విడిగా ఉంచే వంటిల్లు, పొగచూరి నా ఎదుట ఉంది.

కొన్నాళ్లు ఇందూకు కూడా మడిలోనే వండమని అడిగినాను. నీళ్లు మాత్రం తెర్లకాచాలన్నాను.

"కాచితే మడి పోదులేప్పా. నిప్పుకు మైల యాడిది?"

తీర్థమూ పచ్చినీళ్లే, అదీ వద్దన్నాను. అవ్వ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.

"సరే, నోట్లో పోయను. నెత్తిన ఒక చుక్క చల్లుతా. ఆయప్పకు దారి తెలుసు."

వైద్యశాస్త్రం తరఫున నేను ఒప్పుకున్నాను.

వడగట్టిన పెసరపప్పు గంజితో మొదలుపెట్టి, మెత్తటి అన్నం దాకా, కొంచెం కొంచెంగా పెట్టింది. నేను ఎంత చెప్పినా ఆగని చుట్టాలు, ఆమె మడి అంటే గుమ్మం బయటే ఆగినారు. మెల్లగా విరేచనాలు కట్టినాయి, బరువు పెరగసాగింది.

ఒకరోజు అవ్వ మా క్లినిక్ ముందు వీధిలోనే నిలబడి కబురు పెట్టింది. లోపల మైలట. మైక్రోబయాలజీ కూడా అదే అంటుంది కాబట్టి నేనే బయటికి పోయినాను.

"ఇంకొంచెం పెట్టవ్వా అని అడిగిందప్పా," అని, కొంగుతో కళ్లొత్తుకుంది.

మజ్జ ఇచ్చిన అక్కకు, అక్కడి డాక్టర్లకు, ఈ అవ్వకు నేను రుణపడే ఉన్నాను. ఆ తర్వాత ఎవరికి పథ్యం చెప్పాల్సి వచ్చినా, ఆ ఇంట్లో ఎవరి మాటకు చుట్టాలు ఆగుతారో ముందు కనుక్కున్నాను. పథ్యం ఆ మనిషికే చెప్పినాను.