మూడో వరస పళ్లు

కట్టుడు పళ్లు చేసే ఆయన్ని మా వీధిలో అందరూ మేస్త్రి అంటారు. ఇళ్లు కట్టే మేస్త్రి కాకపోయినా ఆయన చేతులకూ ఎప్పుడూ తెల్లటి పొడి అంటుకునే ఉంటుంది. పళ్ల డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి దవడ తయారు చేస్తాడు. దాని మీద మైనంతో చిగుళ్లు కట్టి ఒక్కొక్క పన్నూ నిలబెడతాడు. కిటికీ పక్కన బల్ల, దాని మీద చిన్న మోటారు, ఆకురాళ్లు, స్పిరిట్ దీపం. గోడ పొడవునా అరల్లో ఊళ్లోవాళ్ల దవడలు.

"అదిగో, పై అరలో నవ్వుతున్నది బ్యాంకు మేనేజరు. బయటెప్పుడైనా ఆయన నవ్వగా చూశారా?" అనేవాడు.

బడికి వెళ్లింది తక్కువే అయినా నాకు పుస్తకాల పిచ్చి ఉంది. లైబ్రరీలో జంతువుల గురించి చదివినవి ఆయనకు చెప్పడం, ఆయన చెప్పే నోటి సంగతులు వినడం నాకు సాయంత్రం కాలక్షేపం.

మేస్త్రి పుట్టిన కొన్నాళ్లకే తల్లి పోయింది. పెంచింది అక్క. అప్పటికి ఆవిడే ఇంకా లంగా కట్టుకునే పిల్ల. పళ్లు రాని తమ్ముడికి అన్నం తాను నమిలి, ముద్ద చేసి నోట్లో పెట్టేదట. తరవాత ఆవిడకు పెళ్లయింది, పిల్లలు కలగలేదు. భర్త పోయాక తమ్ముడి ఇంటికే వచ్చేసి, తమ్ముడి కూతుర్ని కూడా చంకనేసుకుని పెంచింది. తమ్ముడితో పేచీ వస్తే ఆవిడ అనే మాట ఒకటే: "నీ వంతు కూడా నేనే నమిలానురా. అందుకే నా పళ్లు ముందే అరిగిపోయాయి."

ఆ పళ్లు ఒక్కొక్కటే కదిలి, ఆఖరిది కూడా తీయించి రెండేళ్లు దాటింది. అప్పుడే పళ్ల డాక్టరమ్మ అచ్చు తీసింది. అక్క మాత్రం ససేమిరా అంది. "ఈ వయసులో కొత్త పళ్లతో ఎవర్ని కరవాలిరా?" అని తీసిపారేసింది. అప్పటినుంచి అందరూ తిని లేచాక వంటింట్లో ఒక్కతే కూర్చుని జావ తాగుతోంది. బోసినోటితో నమలడం ఎవరైనా చూస్తారని సిగ్గు. జాకెట్లు వదులై వాటికి మళ్లీ కుట్లు పడ్డాయి.

ఈ సంగతి తెలిసి కూడా ఒకరోజు నేను నోరు జారాను. "ఏనుక్కి దవడ పళ్లు ఆరు దఫాలుగా వస్తాయట మేస్త్రీ. ఒకటి అరిగితే వెనకనుంచి ఇంకోటి జరిగి వస్తుందట. ఆ ఆరోది కూడా అరిగితే ఇక నమల్లేదు. జబ్బేమీ లేకపోయినా చిక్కిపోయి చచ్చిపోతుంది."

మోటారు ఆగింది.

"చిక్కిపోయా?" అన్నాడు మేస్త్రి.

నేనేం మాట్లాడానో అప్పుడు తెలిసొచ్చింది. ఆయన చేతిలో పన్ను బల్ల మీద పెట్టేశాడు.

"ఎలక పళ్లు జీవితాంతం పెరుగుతాయన్నారు. సొరచేపకి ఊడిన కొద్దీ వస్తాయన్నారు. మరి మనకి పాలపళ్లూ, తరవాత వచ్చేవీ, రెండే వరసలిచ్చి పొమ్మన్నదెవరండీ?"

"ఎవరో అన్నది కాదు, అలా కుదిరింది. పూర్వం జ్వరమో, పులో, వరదో, కాన్పో చాలామందిని నడి వయసుకి ముందే తీసుకుపోయేవి. మూడో వరస పనికొచ్చే వయసు దాకా మిగిలేది ఏ కొద్దిమందో. అప్పటికి వాళ్లు కనాల్సిన పిల్లల్ని కనేసి ఉంటారు. ముసలితనం కోసం సత్తువ దాచుకున్న ఒంటికి దాంతో ఒరిగేదేం లేదు. వయసులో ఉండగానే పిల్లల కోసం ఖర్చు పెట్టేసిన వాళ్ల సంతానమే ఎక్కువ మిగిలింది. మనమంతా వాళ్ల మనవలమే. అందుకే మన ఒంటికి మొదటి సగం మీదున్న శ్రద్ధ రెండో సగం మీద లేదు."

"అంటే మా అక్క నాలుగు గోడల మధ్య ఉందని, ఇక్కడికి పులి రాదని, ఆ ఒంటికింకా కబురందలేదన్నమాట."

"అంతే."

"మరి కనే వయసు దాటాక కూడా ఆడవాళ్లు ఇన్నేళ్లు బతుకుతున్నారు కదా. అదెందుకు మరి?"

"దాని మీద ఇంకా వాదించుకుంటున్నారు. దుంపలు తవ్వి తెచ్చి మనవల్ని సాకే అమ్మమ్మ ఉన్నచోట పిల్లలు ఎక్కువగా బతికి బట్టకట్టారని, ఆవిడ దీర్ఘాయుష్షు వాళ్లకీ వారసత్వంగా వచ్చిందని కొందరి మాట."

మేస్త్రి బల్ల మీది పన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మా అక్క లంగా కట్టుకునే రోజుల్లోనే అమ్మమ్మ అయిపోయింది" అన్నాడు.

మర్నాటి నుంచి చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టాడు. అక్క డాక్టరమ్మ దగ్గరికి రానంటుంది గనక అరలోంచి పాత అచ్చే దించాడు. ఎవరికి చేసినా పళ్లు మైనంలో ఉండగానే నోట్లో పెట్టించి చూస్తారు. ఆ ముచ్చట కూడా మానేసి, అన్నిట్లోకీ తెల్లటి పళ్లు ఏరి, గట్టి చిగుళ్లలో పోతపోసి, మెరుగు పెట్టి ఒక ఉదయం అక్క చేతిలో పెట్టాడు.

ఆవిడ కాదనలేదు. తమ్ముడి మొహం చూసి పెట్టుకుంది. "వదినా, మీరు టీవీలో వార్తలు చదివే ఆవిడలా ఉన్నారు" అంది మేస్త్రి భార్య. అక్క తలూపింది. ఆ రోజు నుంచి అందరితో పాటు బల్ల దగ్గర కూర్చుంటోందని మేస్త్రి నాకు మహా సంబరంగా చెప్పాడు.

వారం తిరక్కుండానే, నేనక్కడున్న ఒక సాయంత్రం, ఆయన భార్య పనిగదికి వచ్చింది. ఎప్పుడూ గడప దాటి లోపలికి రాని మనిషి.

"ఇంట్లో నాతో పోట్లాడేవాళ్లు లేరండీ" అంది.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి.

"నిన్న కూరలో ఉప్పెక్కువైంది, ఆవిడ నోరెత్తలేదు. ఇవాళ కావాలనే ఇంకాస్త వేశాను. అయినా నోరెత్తలేదు! బెంగపడి వంటింట్లోకి వెళ్లి చూస్తే, పళ్లు తీసి రుమాల్లో చుట్టుకుని జావ తాగుతోంది. బల్ల దగ్గర మనకోసం మెతుకులు కెలుకుతోంది, అంతే. చిగుళ్లు పుండ్లు పడ్డాయి. 'వాడితో అనకు అమ్మాయ్, కష్టపడి చేశాడు' అంటోంది."

రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. మేస్త్రి వాటివంక చూడలేకపోయాడు.

"ఇవి ఎవరి పళ్లండీ?" అంది ఆవిడ.

"అక్కవే."

"నేనీ ఇంటికొచ్చిన నాటినుంచీ వదిన పళ్లు ఇలా లేవు. ఇంత పొడుగా! ఇంత తెలుపా! ఒళ్లో పడుకుని కిందనుంచి చూసే పిల్లాడికి కనిపించే పళ్లివి."

మేస్త్రి పళ్లు చేతిలోకి తీసుకుని, తల వెనక్కి వంచి, పైకెత్తి పట్టుకుని కిందనుంచి చూశాడు. ఆ చూపులో ఆయన వయసు ఎటుపోయిందో నాకు తెలియలేదు.

"అచ్చు కూడా పాతదే వాడాను" అన్నాడు చివరికి. "పన్ను పోయిన చోట ఎముక కరుగుతూ వస్తుంది. పని లేని చోట ఒళ్లు ఖర్చు పెట్టదు. ఇది నాకు తెలియంది కాదు, ఎవరి అచ్చుకైనా ముందు అదే చూస్తాను. అక్క దగ్గరికొచ్చేసరికి..."

అక్కను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లడం అంత తేలిగ్గా జరగలేదు.

"నోరు తెరువు అక్కా."

"ఇన్నాళ్లకి ఒకడు నోరు తెరవమన్నాడు! పుట్టిన దగ్గర్నుంచి అందరూ మూసుకోమన్నవాళ్లే."

కొత్త అచ్చు వచ్చింది. ఈసారి మైనం దశలోనే నాలుగైదుసార్లు పెట్టించి, అక్కకు ఎదురుగా, ఆవిడ కళ్లకు సమానంగా పీట వేసుకుని కూర్చుని చూశాడు. పళ్ల ఎత్తు తగ్గించాడు. కాస్త పాలిపోయిన రంగు ఎంచాడు. అక్క అద్దంలో చూసి, "పసుపుగా ఉన్నాయేంట్రా? నేను పళ్లు తోముకోననుకుంటారు" అంది. ఇద్దరూ ఒక పూటంతా వాదించుకున్నారు. తర్వాత ఆయన ఆకురాయి తీసుకుని కొత్త పళ్ల అంచులు అరగదీశాడు, ముందు పన్నొకటి పక్కదాని మీదికి రవ్వంత వాల్చాడు. కొత్తవాటిని అంత ప్రేమగా ముసలివి చేసే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

అవి పెట్టుకున్న రోజు మధ్యాహ్నం నన్ను కూడా భోజనానికి పిలిచారు. అక్క మా మధ్య కూర్చుంది. మొదటి ముద్ద ఎడమ దవడకు తోసి ఆగింది, తర్వాత కుడివైపుకు మార్చింది. మేస్త్రి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆవిడ దవడ ఎటు కదిలితే ఆయన దవడా అటే కదులుతోంది, నోట్లో ఏమీ లేకుండానే. ఆయన భార్య గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నేను మంచినీళ్ల గ్లాసు ఎత్తి తాగడం మర్చిపోయాను.

అక్క మింగింది. రెండో ముద్ద కలిపింది, కాస్త పెద్దది. దాన్నీ నమిలింది. మూడోది కలపబోతూ తలెత్తి మమ్మల్ని ముగ్గుర్నీ చూసింది.

"ఏంట్రా, సర్కస్ చూస్తున్నట్టు? నా నోట్లోకి చూడ్డం మాని నీ కంచంలో చూసుకుని తిను. అమ్మాయ్, ఆ కూర ఇటు పట్రా. జావ కాదు, కూర."