గోడ మీది తమ్ముడు

మా వీధిలో అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. నేను ఆమెకంటే బాగా పెద్దవాణ్ణి, అయినా నాకూ అక్కే. ఆమె నన్ను 'దర్జీ అన్నయ్యా' అంటుంది, నేను 'ఏంటక్కా' అంటాను, కొత్తవాళ్లు విని తికమకపడతారు. ఈ పిలుపు ఆమె తమ్ముడి పుణ్యం. వాడు పొద్దస్తమానం వంటగదిలోకి తల దూర్చి 'అక్కా' అని అరిచేవాడు. వినీ వినీ మా అందరి నోటికీ అదే అంటుకుంది.

నా కుట్టుమిషను ఆమె హోటలుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. హోటలంటే గొప్పగా ఊహించుకోకండి. నాలుగు బల్లలు, ఆవిరి పట్టిన అద్దాల తలుపు, వెనక ఒక ఇరుకు వంటగది. పొద్దున గుడ్లూ రొట్టే, మధ్యాహ్నం సూపూ చేపల వేపుడూ. అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సూప్ బాగాలేదన్నవాడికి తలుపు చూపిస్తుంది. వాడు మర్నాడు మళ్లీ వచ్చి అదే సూప్ తాగుతాడు. నేనూ రోజూ అక్కడే తింటాను. మా ఆవిడ వంట గురించి ఇక్కడ రాయను, ఆమె ఇది చదువుతుంది.

అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి అక్కే పెంచింది. వాడిది ఒక చోట నిలిచే కాలు కాదు. ప్రింటింగ్ ప్రెస్‌లో ఉద్యోగం, సెలవు దొరికితే మెడలో కెమెరా. ఈ పేటలో ఏ సందులో ఏ గోడ మీద ఏ బొమ్మ ఉందో, ఏ హోటల్లో ఏది తినాలో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. స్నేహితుల్ని వెంటేసుకుని ఒక చోట తినిపించి, ఒక గోడ చూపించి, మళ్లీ ఇంకో చోటికి లాక్కుపోయేవాడు. "ఇంట్లో హోటలు పెట్టుకుని ఊరి మీద పడి తింటావేంట్రా, సిగ్గు లేదూ" అని అక్క తిట్టేది. తను మాత్రం ఇంకొకరి హోటలు గడప తొక్కి ఎరగదు.

ఆరేళ్ల కిందట వాడి బైకును లారీ గుద్దింది. వాడూ పోయాడు, వాడి జేబులో ఫోనూ మెడలో కెమెరా కూడా నుజ్జునుజ్జయ్యాయి.

తర్వాత కొన్నాళ్లకు వాడి స్నేహితురాలొకతె వచ్చింది. గోడల మీద బొమ్మలు వేసే పిల్ల. మేం గోడలమ్మాయి అంటాం. హోటలు పక్కగోడ మీద వాడి బొమ్మ వేస్తానంది. అక్క ఒప్పుకుంది. తీరా చూస్తే ఫొటో లేదు. ఎవరి ఫోన్లో వెతికినా వాడు తీసిన ఫొటోలే గాని వాడున్న ఫొటో లేదు. చివరికి ప్రెస్‌వాళ్లు ఇచ్చిన గుర్తింపుకార్డు దొరికింది. అందులో బొటనవేలంత ఫొటో. దాని మీద ప్రెస్ ముద్ర గుండ్రంగా, వాడి ముక్కు కింద నుంచి గడ్డం దాకా పడి ఉంది.

బొమ్మ పూర్తయిన రోజు వీధంతా వచ్చింది. రెండంతస్తుల ఎత్తున వాడు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ముక్కులు చీదుకున్నారు. గోడలమ్మాయి రంగు చేతులతోనే అక్కను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అక్క ఆ పిల్ల వీపు నిమిరింది. తర్వాత నా పక్కకు వచ్చి, పెదవులు కదిలీ కదలకుండా, "అన్నయ్యా, ఆ నోరు వాడిది కాదు" అంది.

"మరి చెప్పకపోయావా?"

"ఎలా చెప్పను? పాపం, ఎండలో నిలబడి వేసింది."

సూప్ బాగాలేదన్నవాణ్ణి గెంటే మనిషికి ఆ ఒక్క చోట మొహమాటం అడ్డొచ్చింది. నాకు ఇప్పటికీ ఆ మొహమాటం మీద కోపమే.

తమ్ముడు మొదలుపెట్టిన షికార్లు ఇప్పుడు ఒక కుర్రాడికి బతుకుతెరువయ్యాయి. ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని జనాన్ని తిప్పుతాడు, గొడుగబ్బాయి అంటాం. రొట్టెల దుకాణం, దాని మీద తిమింగలం బొమ్మ, నూడుల్స్ కొట్టు, మెట్ల మీద గీసిన ముసలావిడ చేతులు, ఆఖరున అక్క హోటలు. "ఈ నవ్వు చూడండి! ఈ పేట నవ్వంటే ఇదే!" అని రోజూ అరుస్తాడు. జనం ఫొటోలు తీసుకుని లోపలికొచ్చి, "అచ్చం మీ పోలికేనండీ" అని అక్కతో అంటారు. అక్క సూప్ గిన్నె బల్ల మీద పెడుతుంది, గట్టిగా.

ఈ వానల్లో డాబా గొట్టం పగిలి ఆ గోడ నెమ్మెక్కింది. గడ్డం దగ్గర రంగు పెచ్చులూడింది. మళ్లీ వేయడానికి గోడలమ్మాయి వచ్చింది. వెదురు కర్రల మంచె కట్టించి, "ఎలాగూ ముట్టుకుంటున్నాను కదక్కా, ఏమైనా మార్చాలా?" అని అడిగింది. రేపు చెబుతానంది అక్క.

ఆ మధ్యాహ్నం నా కొట్లోకి వచ్చి తలుపు వేసింది. నేను ఒక ప్యాంటు అంచు మడుస్తున్నాను.

"అన్నయ్యా, ఈసారి నోరు మార్పిస్తాను."

"ఇన్నాళ్లకు మంచి మాట చెప్పావు. ఎలా ఉండాలో చెప్పు, ఆ పిల్ల వేస్తుంది."

ఆమె కుర్చీలో కూర్చుంది. "కళ్లు మూసుకుంటే గోడే కనబడుతోంది. వాడు కనబడటం లేదు" అంది.

నేనూ కళ్లు మూసుకున్నాను, నాకూ గోడే కనబడింది. వాడి భుజాలు గుర్తున్నాయి, కుడిది కాస్త జారుడు, చొక్కా కుట్టినప్పుడల్లా సరిచేసేవాణ్ణి. మెడ గుర్తుంది. ఆ పైన ఏమీ లేదు.

"ఎవరో ఒకరికి గుర్తుండకపోదు, వాడు తిరగని కొట్టు ఉందా? పద, అడుగుదాం" అన్నాను.

అలా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అక్క పక్క హోటళ్లకు బయల్దేరింది. రొట్టెలాయన చేతులు పిండిలో పెట్టుకునే ఆలోచించాడు. "నవ్వు మొహం కదమ్మా. నోరంతా నవ్వే. గోడ మీద ఉన్నట్టే" అన్నాడు. టీకొట్టాయనకు వాడి చేతులు గుర్తున్నాయి, కప్పు రెండు చేతులా పట్టుకునేవాడట. నోరు అడిగితే నీళ్లు నమిలాడు.

నూడుల్స్ కొట్టావిడ మమ్మల్ని కూర్చోబెట్టి ఒక్కో గిన్నె ముందు పెట్టింది. అక్క రుచి చూసి "ఉప్పెక్కువైంది" అంది. ఇక్కడ గొడవ తప్పదనుకున్నాను. ఆవిడ పకపకా నవ్వింది.

"మీ తమ్ముడూ ఇదే కూత. నా గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, మా అక్క చేస్తే ఇంకా బాగుంటుంది అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేదనుకో!"

అక్క చెంచా కింద పెట్టేసింది. ఇంటికొచ్చి ఆమె వంటను వాడు ఒక్కసారి మెచ్చుకుంటే ఒట్టు. గిన్నె పక్కకు జరిపి, "ఆ మూతి... ఎలా ఉండేదో గుర్తుందా నీకు?" అని అడిగింది.

"భలేదానివే! నీ గోడ మీదే పెట్టుకుని నన్నడుగుతావేంటి?"

తిరిగి వస్తుంటే అక్క కాలుగాలిన పిల్లిలా నడిచింది. తిమింగలం ముందు ఎవరో ఫొటోలు తీసుకుంటుంటే వాళ్లను తోసుకుని వెళ్లిపోయింది. నాకు ఆ గోడల మీద, బొమ్మల మీద, వాటిని చూడటానికి వచ్చే జనం మీద పట్టలేనంత కోపం వచ్చింది.

మర్నాడు గోడలమ్మాయి సుద్దముక్క చేత్తో పట్టుకుని మంచె ఎక్కింది. అక్క కింద నిలబడింది. నేను మిషను ఆపి వచ్చాను.

"చెప్పక్కా."

అక్క కళ్లు మూసుకుంది. ఈసారి ఏదో దొరికినట్టు ఆమె మొహం విప్పారింది. "పెదవులు సన్నగా ఉండేవి. నవ్వితే పై పెదవి ఎడమవైపు కొంచెం లేచేది. అక్కడ ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉండేది. అవును, అదే! ఇప్పుడు బాగా గుర్తొచ్చింది" అంది.

నేను పైకి చూశాను. గోడ మీద పై పెదవి ఎడమవైపు లేచి ఉంది. పన్ను పన్ను మీదికి ఎక్కి ఉంది. తర్వాత గోడలమ్మాయిని చూశాను. ఆ పిల్ల ఏదో అనబోయి నోరు తెరిచింది. పై పెదవి ఎడమవైపు లేచింది.

ఆ పిల్ల మెల్లగా మంచె దిగింది. "అక్కా, అది నా నోరు" అంది. "కార్డులో నోరు కనబడలేదు. నాకూ సరిగ్గా గుర్తు రాలేదు. అద్దంలో చూసుకుని వేసేశాను. తప్పయితే నువ్వే చెబుతావనుకున్నాను."

అక్క ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. కొడుతుందేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. కొట్టలేదు.

"చెరిపెయ్" అంది.

"చెరిపేసి ఏం వెయ్యనక్కా?"

"ఏమీ వద్దు."

"అది కూడా తీసేస్తే నీకు ఇంకేం మిగలదు" అన్నాను. నా నోటికి అదుపు లేదు.

"తెలుసన్నయ్యా" అంది అక్క.

సాయంత్రానికి గీకడం అయిపోయింది. కళ్లు, ముక్కు, జుట్టు ఎప్పటిలాగే మెరుస్తున్నాయి. కింద ఉత్త సిమెంటు. గొడుగబ్బాయి జనంతో వచ్చి, అరవబోయి, ఆగి, బిత్తరచూపులు చూశాడు. గుంపులోంచి ఒక పెద్దావిడ లోపలికి వచ్చి, "బొమ్మ ఇంకా పూర్తి కాలేదామ్మా?" అని అక్కను అడిగింది.

"అయిపోయిందండీ. నోరు నాకు గుర్తులేదు. వాడు నా తమ్ముడు" అంది అక్క.

ఆ మాట అనేసి గరిటె పట్టుకునే ఏడవడం మొదలుపెట్టింది. శవం ఇంటికి వచ్చిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. పెద్దావిడ ఆమెను దగ్గరకు తీసుకుంది. సూప్ అడుగంటుతున్న వాసన వస్తే నేనే లేచి వెళ్లి పొయ్యి కట్టేశాను.