కాలవ చివరి గది

ఒంగోలులో కోటేష్ ఉండే వీధిలో ఇంటర్నెట్ లైన్లు చూసే మనుషులకు ఆయనంటే హడల్. స్తంభం దగ్గర నుంచి గోడ దాకా వాళ్ళ వెనకే నడుస్తాడు. పైన ఎవరెవరి ఇళ్ళకి పోతోంది, మధ్యలో ఎవరైనా కలుపుకున్నారా, పక్క మేడవాళ్ళకి ఎందుకు లావు వైరు వేశారు, అన్నీ అడుగుతాడు. "కాలేజీలో కంప్యూటర్లు చెప్పే సారుకి ఇంత అనుమానమేంటమ్మా?" అని వాళ్ళు వాపోతే ఆయన భార్య శ్రీరమ్య నవ్వేసి, "వాళ్ళ పొలం కాలవ చివరండీ" అంటుంది. ఆ వైపు మనుషులకు ఆ ఒక్క మాటా చాలు. మిగతావాళ్ళకు కాస్త వివరంగా చెప్పాలి.

కోటేష్ తండ్రి అంకమ్మరావుకు పొదిలి వైపు సాగర్ కాలవ చిట్టచివర మిరపచేను ఉండేది. కాలవ మొదట్లో పొలాలున్నవాళ్ళు వరి తడుపుకుని, పత్తి తడుపుకుని, మనసొప్పితే కిందికి వదిలేవాళ్ళు. అందుకని తన వంతు వచ్చిన రోజున అంకమ్మరావు చేలో నిలబడేవాడు కాదు. పార భుజాన వేసుకుని, కొడుకును వెంటబెట్టుకుని, కట్ట మీద పైకి నడిచేవాడు. ప్రతి తూము దగ్గరా వంగి లోపల చెయ్యి పెట్టి తడిమేవాడు. ఒకచోట గడ్డిచుట్ట, ఒకచోట గోనెపట్టా దొరికేవి. ఎవరి పని అని అడిగితే ఎవరూ పలికేవాళ్ళు కాదు.

"ఒరేయ్, నీళ్ళు రాలేదని ఆకాశంలోకి చూడమాక. పైకి నడువు. ఎవడో ఒకడు అడ్డం పెట్టుంటాడు" అనేవాడు అంకమ్మరావు.

ఆ చదువుతోనే కోటేష్ గుంటూరు దగ్గర యూనివర్సిటీలో ఎం.సి.ఏ.లో చేరాడు. హాస్టల్లో అతని కాలవ కథలు వినని వాడు లేడు. చివరి సంవత్సరంలో ఉండగా హాస్టలుకు కంప్యూటర్ నెట్‌వర్క్ వచ్చింది. కంప్యూటర్ సెంటర్ నుంచి ఒక వైరు గాలిలో వచ్చి పై అంతస్తులో ఒక పెట్టెలోకి దిగింది. ఆ పెట్టె నుంచి వరండా పొడుగునా పాకి, అవతలి కొసన మెట్ల పక్కగా కిందికి వచ్చి, ఒక్కో గదినీ పలకరించుకుంటూ కింది అంతస్తు కొసగదిలో ఆగింది. ఆ కొసగది కోటేష్‌ది. పై పెట్టె ఉన్నదేమో సరిగ్గా అతని నెత్తి మీద, కార్తిక్ గది గుమ్మం పక్కన.

కార్తిక్‌ది తాడేపల్లి. తండ్రి పౌరోహిత్యం చేస్తాడు. ఇంటి అరుగు మీద కూర్చుంటే కృష్ణ కనిపిస్తుందని అతను ఒకసారి మాటవరసకు అన్నాడు. కోటేష్ అది మర్చిపోలేదు.

కోటేష్ ప్రాజెక్టు అంతా డిపార్ట్‌మెంటు సర్వర్‌లో ఉంది. ల్యాబ్‌లో కుర్చీలన్నీ జూనియర్ల పరీక్షలకు పోయాయి. కాబట్టి గదిలో నెట్ వస్తేనే ప్రాజెక్టు పూర్తవుతుంది. పూర్తి కాకపోతే డిగ్రీ ఆగుతుంది. ఆ నెట్ ఒక రోజు వచ్చి ఒక రోజు పోయేది. వచ్చినా పేజీ సగం తెరుచుకుని గుడ్లప్పగించి చూసేది.

"పైవాళ్ళు సినిమాలు దింపుకుంటున్నార్రా" అన్నాడు కోటేష్.

మంచం మీద పడుకున్న గదిమిత్రుడు రసూల్ తల తిప్పకుండానే, "నీకెవరు చెప్పారు?" అన్నాడు. అతనిది దాచేపల్లి.

"ఒకరు చెప్పాలా? కార్తిక్ గాడు పొద్దున మెస్సులో నన్ను చూసి నవ్వాడు."

"నవ్వితే?"

"ఊరికే ఎందుకు నవ్వుతాడు?"

"నీ మొహాన ఇడ్లీ అంటుకునుందిరా బాబూ."

కోటేష్ వినిపించుకోలేదు. వైరు పట్టుకుని పైకి నడిచాడు. గది గది దగ్గరా ఆగి, తలుపు సందులోంచి తొంగి చూశాడు. ఎవరి కంప్యూటర్ వెలుగుతోంది, ఎవరు తనను చూసి తెర మార్చారు, అన్నీ గమనించాడు. ఎక్కడా అడ్డం దొరకలేదు. దొరకకపోవడంతో అనుమానం ఇంకా బలపడింది.

అప్పుడు అతనికి తమ ఊరి ఉపాయమే తోచింది. కాలవలో నీళ్ళు చాలనప్పుడు చివరి రైతులు పైన ఎక్కడో గుట్టుగా ఒక గొట్టం వేసి, రెండో దారిన చేలోకి తెచ్చుకుంటారు. రెండు దార్లూ చేని మొదట్లో కలిస్తే తడి రెట్టింపు. కోటేష్ విజయవాడ వెళ్ళి పొడుగాటి వైరు, నెట్ వైర్లను కలిపే చిన్న స్విచ్చి పెట్టె కొనుక్కొచ్చాడు. ఆదివారం పైవాళ్ళంతా సినిమాకి పోయినప్పుడు పై పెట్టెలో ఖాళీగా ఉన్న రంధ్రంలో వైరు గుచ్చి, వాన నీళ్ళ గొట్టం వెంబడి కిందికి దించి, పురికొసతో కట్టి, కిటికీలోంచి గదిలోకి లాగాడు. పాత వైరునూ కొత్త వైరునూ తన చిన్న పెట్టెలో కలిపాడు.

పెట్టె మీద పచ్చదీపాలు ఆగకుండా రెపరెపలాడసాగాయి.

"చూడరా రసూల్, ఎట్లా పారుతోందో!"

కానీ కంప్యూటర్‌లో ఏమీ రాలేదు. ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు. కాసేపటికి హాస్టలంతా గోల మొదలైంది. ఎవరికీ నెట్ లేదు. కోటేష్ మాత్రం దీపాలనే చూస్తూ పళ్ళు కొరికాడు. ఇంత పారుతుంటే తన దాకా రాలేదంటే పైన ఎవడో మొత్తం లాగేస్తున్నాడన్నమాట. తిన్నగా నెట్‌వర్క్ చూసే లెక్చరర్ అనంతపద్మనాభం గారి దగ్గరికి వెళ్ళి, "సార్, కార్తిక్ తన గది పక్కనున్న పెట్టెను ఏదో చేశాడండి" అని చెప్పేశాడు.

మర్నాడు సారు వచ్చారు. పై పెట్టె తెరిచి, ఒక్కో వైరూ పీకి చూశారు. చుట్టూ కుర్రాళ్ళు. కార్తిక్ మొహం కందగడ్డ అయింది. "నేనేం చెయ్యలేదు సార్" అంటున్నాడు. ఒక వైరు పీకగానే కింద ఎవరో "వచ్చిందిరోయ్!" అని అరిచారు.

"ఇది ఎవరిదయ్యా?" అన్నారు సారు.

వైరు గోడ దిగింది. వెనకాల జనం దిగారు. పురికొస ముడులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ, ఏమీ ఎరగనట్టు రసూల్ ముందు నడిచాడు. చివరికి కిటికీ దగ్గర ఆగి లోపలికి చూసి నాలిక కరుచుకున్నాడు. అదే పురికొసతో కోటేష్ దోమతెర నాలుగు మూలలా కట్టి ఉంది.

"రెట్టింపు వస్తుందనుకున్నానండి" అన్నాడు కోటేష్, నేల చూస్తూ.

సారు కోప్పడలేదు. "ఇది నీరు కాదు నాయనా, పల్లానికి పారిపోయి ఊరుకోవడానికి. నువ్వు రెండు కొసలూ కలిపావు. లోపల పడ్డ పిలుపు తిరిగి తిరిగి పైకే వస్తోంది. మళ్ళీ తిరుగుతోంది. ఆ రొదలో ఇంకెవరి మాటా నడవదు." ఆ తరవాత గోడలో కోటేష్ పాయింటు మూసేయించారు. చదువయ్యేదాకా ఆ గదికి లైను లేదు.

"పైకి నడిచావు గదరా, బాగా నడిచావు" అన్నాడు కార్తిక్ పోతూ పోతూ. అంతే. మెస్సులో మళ్ళీ నవ్వలేదు.

ప్రాజెక్టు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం కిటికీ చువ్వకు ఏదో తగిలిన చప్పుడైంది. పైనుంచి వైరు దిగుతోంది.

"పెట్టుకోరా. సారుని అడిగే వేస్తున్నా. ప్రాజెక్టు అయ్యేదాకా" అని పైనుంచి కార్తిక్ గొంతు.

కోటేష్ ఆ వైరును చాలాసేపు ముట్టుకోలేదు. మళ్ళీ పట్టించడానికి వేశాడేమో అనుకున్నాడు. సారు పేరు చెప్పి అబద్ధమాడాడేమో అనుకున్నాడు. రసూల్ విసుక్కుని తనే గుచ్చాడు. నెట్ వచ్చింది, జోరుగా వచ్చింది. అంతకు ముందెప్పుడూ అలా రాలేదు. దాంతో కోటేష్‌కి కొత్త అనుమానం పుట్టింది. ఇస్తున్నదే ఇంత ఉంటే, వాడు ఉంచుకున్నది ఎంతుండాలి?

చూసి రావాలనుకున్నాడు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, చప్పుడు లేకుండా పైకెక్కాడు. కార్తిక్ గది తలుపు ఓరగా ఉంది.

కార్తిక్ మంచం మీద బోర్లా పడుకుని పేపరు చదువుతున్నాడు. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి ఉంది. గోడలో ఉన్నది ఒక్కటే పాయింటు. అందులోంచి బయల్దేరిన ఒక్క వైరూ నేల మీదుగా పోయి, కిటికీ దాటి, కిందికి దిగిపోయింది.

"ఏరా, తూములో చెయ్యి పెట్టి చూడ్డానికొచ్చావా?" అన్నాడు కార్తిక్, పేపరు దించకుండా.

కోటేష్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇట్లా కుదరదు గానీ, వంతు పెట్టుకుందాం. పొద్దున నీది, మధ్యాహ్నం నాది" అన్నాడు.

"మీ ఊళ్ళో చివరివాళ్ళకి వంతు సరిగ్గా వచ్చేదా?"

"ఎప్పుడూ రాలేదు."

"అయితే ముందు నువ్వే పెట్టుకో."

అలాగే నడిచింది. ప్రాజెక్టు గడువులోపే పూర్తయింది. ఆ కొద్దిరోజులూ తన వంతు మొదలవగానే కోటేష్ ఒకసారి మెట్లెక్కి, ఓరతలుపులోంచి తొంగి చూసి, మాట్లాడకుండా దిగిపోయేవాడు. వైరు ప్రతిసారీ కిటికీలోంచి కిందికే దిగి ఉండేది.