లక్షమంది చూసిన కషాయం

సిరుగుప్ప నుంచి బళ్ళారి వెళ్ళే బస్సులో పక్కనున్న రైతు తన ఫోన్ చూపించాడు. క్యాన్సర్‌ను ఆకు కషాయం తగ్గిస్తుందని వీడియోలో ఎవరో చెబుతున్నాడు. ఈ రైతు, క్యాన్సరున్న తన భార్యకు డాక్టరిచ్చిన మాత్రలు మాన్పించి అదే తాగిస్తున్నాడట.

"లక్షమంది చూసినారప్పా. సుళ్ళు చెప్తాడా, అబద్ధమైతే అంతమంది చూస్తారా?"

నాకు ఒళ్ళు మండింది. "చూసినోళ్ళంతా సాక్షులు కారప్పా!" అన్నాను. లైబ్రరీలో చదివిందంతా గుర్తుచేసుకుని, పరిశోధనకు సాక్షులంటే దాన్ని పరీక్షించి తమ వ్యాసాల్లో ఉదహరించిన శాస్త్రజ్ఞులని చెప్పాను. ఆ మాత్రలకు అలాంటి సాక్షులు ఎందరో ఉన్నారన్నాను.

"అంతమందిలో ఒక్కడన్నా మాకు యాల చెప్పల్యా?"

వీడియోవాడి మీదున్న నా కోపం తమలో తామే చెప్పుకునే ఆ శాస్త్రజ్ఞుల మీదికి మళ్ళింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

దిగేముందు అతను భార్యకు ఫోన్ చేశాడు.

"మాత్రలు యాడ పెడ్తివి? పారేయలేదు గదా?"

ఆవిడ ఏమందో నాకు వినబడలేదు.